చివరి కణుపు

మదురై ఆస్పత్రిలో గాయాల గదికి అళగమ్మాళే పెద్దదిక్కు. కాగితాల్లో ఉద్యోగం కట్లు కట్టడం. నేను కొత్త డాక్టరుగా చేరిన రోజే నా పక్కన నిలబడి, "తమ్ముడూ, వేలు కుడుతున్నావా, గోనెసంచి కుడుతున్నావా?" అంది. నాకు ఒళ్లు మండింది. వారం తిరక్కుండానే ఆవిడ వెంట తోకలా తిరగడం మొదలుపెట్టాను.

వేలికి దెబ్బతో ఎవరొచ్చినా ముందు, "ఏం పని చేస్తావు?" అని అడిగేది. దర్జీ అయితే చేతికి సూది ఇచ్చి కుట్టి చూపించమనేది. పరోటా మాస్టరు అయితే తడిగుడ్డ ఇచ్చి పరోటా పిండిలా విసరమనేది. గోరుచుట్టుతో మూలుగుతూ వచ్చే అంట్లు తోమే ఆడవాళ్లను మాత్రం, నేను చీము తీసేదాకా కబుర్లతో నవ్విస్తూ కూర్చునేది.

ఒక పొద్దున పూల మార్కెట్ నుంచి ఇరుళాయి వచ్చింది. అరటినార కోస్తుంటే ఎడమ చూపుడువేలు లోపలివైపు, నడిమి కణుపుకు కాస్త పైన తెగింది. చిన్న గాటు. నెత్తురు కూడా ఆగిపోయింది.

"రెండు కుట్లేసి పంపెయ్యండి సారూ. రేపు ముహూర్తాలు, బుట్టలో మల్లెలు వాడిపోతున్నాయి."

అళగమ్మాళ్ గాయం కడిగి పల్చగా గుడ్డ చుట్టింది. "ఏదీ, ఒక జాన కట్టి చూపించవే."

చూస్తుండగానే జానెడు దండ తయారైంది. వేలు భేషుగ్గా ఉందని నేను సూది అందుకున్నాను.

"ఆగు తమ్ముడూ. ఆ వేలు పని చెయ్యలేదు, ఊరికే పక్కన నిలబడింది." నడిమి కణుపును కదలకుండా పట్టుకుని, "చివర ఒక్కటీ వంచు" అంది.

ఇరుళాయి పళ్లు బిగబట్టింది. చివరి కణుపు కదల్లేదు. దాన్ని వంచే స్నాయువు లోపల తెగిపోయింది. నేను కుట్లేసి పంపితే పైన చర్మం మానేది, వేలు మాత్రం అలాగే ఉండిపోయేది. నేను సూది కింద పెట్టేశాను.

ఆపరేషన్ అనేసరికి ఇరుళాయి లేచి నిలబడింది. "నెలల తరబడి కట్టుతో కూర్చుంటే ఎలా అక్కా? పూలు కట్టగలుగుతున్నాగా."

"వేలు తెగినప్పుడు మా అమ్మా అదే అంది. ఆవిడదీ పూల చెయ్యే. పోయేదాకా పూలు కట్టింది. రవిక హుక్కు మాత్రం నేనే పెట్టేదాన్ని. పనితనమున్న చెయ్యి దెబ్బను దాచేస్తుందే. దానికంత పొగరు."

ఇరుళాయి తన వేలికేసి చూసుకుంది. తర్వాత పూలబుట్టను అళగమ్మాళ్ వైపు జరిపింది. "ఎవరికైనా పంచిపెట్టు." ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ జరిగింది.

నాలుగు నెలల తర్వాత ఇరుళాయి మూరెడు మల్లెలతో వచ్చింది. అళగమ్మాళ్ పూలకేసి చూడలేదు. వేలు పట్టుకుంది. "వంచు."

చివరి కణుపు నెమ్మదిగా వంగింది. పూర్తిగా కాదు, సగానికి కాస్త ఎక్కువ. నేను అళగమ్మాళ్ మొహం చూశాను.

"ఇవాళ నీ రవిక హుక్కులు ఎవరు పెట్టారే?"

"నేనే అక్కా."

అళగమ్మాళ్ వెనక్కి తిరిగి, పూలు పెట్టమని తల వంచింది.