కొండ ఊదిన పై స్వరం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. శ్మశానంలో ఒంటరిగా, తెల్లవార్లూ ట్రంపెట్ ఊదిన మనిషిని నేను. అలాంటివాణ్ణి ఒక ఉదయం తొమ్మిది గంటలకి, ఎండలో నిలబడి వణికాను.

అరకు దగ్గర ఒక ఊళ్లో బడిపంతులుగా రిటైరయ్యాను. అరవై ఆరో ఏట మా చర్చి ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ పట్టాను. నేర్పే గురువుకి ముప్పై ఏళ్లు నిండలేదు. విశాఖ నుంచి రెండు వారాలకోసారి రైల్లో వస్తాడు. మిగతా రోజులు నా తంటాలు నావి.

ఈస్టర్ ఆరాధనకి ఎంచుకున్న పాట చివర ఒక పై స్వరం ఉంది. మూడు నెలలు ఊదాను. అక్కడికొచ్చేసరికి పగిలిన కుండలా పలికేది. గురువు మొహమాటపడలేదు. "తాతగారూ, నేను మళ్లీ వచ్చేసరికి ఇది రాలేదనుకోండి, ట్రంపెట్ ఇంకొకరికి ఇచ్చేస్తాను. మీరు తాళాలు పట్టుకోండి."

పాఠం రాని పిల్లల్ని వెనక బెంచీకి పంపినవాణ్ణి నేను. ఆ మాట ఎలా తగులుతుందో ఆ రోజు తెలిసింది.

మా ఆవిడ ఇంట్లో ఊదనివ్వదు. ఆ మోతకి ఆవు పాలు చేపడం మానేసిందట. అందుకని ఊరి చివర బుల్లెమ్మ కాఫీ తోటలో, కొండకి ఎదురుగా నిలబడేవాణ్ణి. ఏది ఊదినా, రెండు లెక్కపెట్టేసరికి కొండ తిరిగి అనేది, నా తప్పుతో సహా. మధ్యమధ్య బూరలో చేరిన తడి దులిపి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

నేను వణికానన్న ఆ ఉదయం, అంతకుముందు పడ్డ వానకి కాఫీ పూత తెల్లగా విచ్చుకుంది. బుల్లెమ్మ చెట్టుకి నిచ్చెన వేసుకుని మిరియాలు కోస్తోంది. నేను పై స్వరం ఊదాను. పగిలింది.

ఒకటి. రెండు.

కొండ నుంచి వచ్చింది మాత్రం పగల్లేదు. నిండుగా, నిలకడగా, ఎక్కడా ఊపిరి తరగకుండా వచ్చింది. పూల మీద తేనెటీగల రొద కూడా ఆగిందనిపించింది.

ఒళ్లు జల్లుమంది. భయం కాదు. ప్రార్థనలో ఒక్కోసారి తల దానంతటదే వంగుతుందే, అలాగ. ఆ స్వరం చెవిలో ఉండగానే బూర ఎత్తి ఊదాను. వచ్చింది. గురువు ముందూ వచ్చింది, ఈస్టర్ నాడూ వచ్చింది.

మా చుట్టుపక్కల ఇంకో ట్రంపెట్ లేదు. గురువు ఆ వేళ విశాఖలోనే ఉన్నాడు, ఫోన్ చేసి కనుక్కున్నాను. కొండ అవతలి ఊళ్లోనూ అడిగాను. ఎవరూ ఊదలేదన్నారు.

ఇక ఒప్పేసుకుంటాను. శ్మశానం సంగతి కొంచెం సాగదీశాను. అది పట్టపగలు, ఎవరిదో సమాధి కార్యక్రమం. ఆర్కెస్ట్రా అంతా ఉంది, నేను నడిమధ్యన నిలబడ్డాను. కొండ పాటంతా ఊదిందని ఊళ్లో నేను చెప్పుకున్నదీ కోతే. ఒక్క స్వరం, అంతే. ఆ ఒక్కటీ ఎలా వచ్చిందో మాత్రం ఇప్పటికీ తెలీదు.

ఇంతవరకూ రాసి, నాకున్న ఒకే ఒక్క సాక్షి బుల్లెమ్మకి చదివి వినిపించాను. మిరియాలు ఆరబోస్తూ, తల ఎత్తకుండా అంది:

"ఏటి మాస్టారూ, మీరు ఊదినాక వచ్చిందేటి? ముందే వచ్చీసినాది. అప్పటికి మీరింకా బూర తిరగేసి తుప్పర్లు దులుపుకుంతన్నారు. మీది పగిలింది దాని తరవాత."