స్కాట్లాండ్ కోలాటంలో ఎడమ చెయ్యి

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నదాన్ని. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోను. ఈ ఒక్క విషయానికి రుజువు నా దగ్గరే ఉంది, అదే నా ఖర్మ.

2011 ఏప్రిల్‌లో నేనూ మా ఆయన రవీ అమెరికాలో మేముండే ఫ్రిస్కో నుంచి నాలుగు రోజులకని న్యూయార్క్ వెళ్ళాం. శనివారం రోడ్డు మీద గళ్ళ స్కర్టులు కట్టిన మగవాళ్ళు బ్యాగ్‌పైపులు ఊదుకుంటూ వెళ్తున్నారు. స్కాట్లాండ్ వాళ్ళ పండగట. వాళ్ళ వెనకే నడిస్తే ఒక చర్చి హాల్లో డాన్స్ మొదలైంది. ఎవరైనా రావచ్చన్నారు. మధ్యాహ్నం మూడు గంటలు, కిటికీల నిండా ఎండ.

అచ్చం మన కోలాటమే, కర్రలుండవు అంతే. రెండు వరసలు ఎదురెదురుగా నిలబడతాయి. వరసలో ఒక్కొక్కరికీ ఎడమ చెయ్యి ఇచ్చి ఒక చుట్టు తిరగాలి. మధ్యమధ్యలో మన జోడీకి కుడి చెయ్యి ఇవ్వాలి. ఒక ముసలాయన నన్ను జోడీగా పిలిచాడు. రవి కెమెరా తీశాడు.

ఇక్కడ మా చెల్లి సుధ సంగతి చెప్పాలి. దాని ఎడమ చేతికి చివరి రెండు వేళ్ళు లేవు. దానికి ఆరేళ్ళప్పుడు నేను కోపంతో ఇనప గేటు విసురుగా వేస్తే ఆ వేళ్ళు తెగిపోయాయి. గేటు సందులో తనే చెయ్యి పెట్టిందని ఇంట్లో చెప్పాను. అది కాదనలేదు. బళ్ళో దానికి ‘మూడువేళ్ళది’ అని పేరు పెట్టింది కూడా నేనే.

అయినా రోడ్డు దాటేటప్పుడు ఆ చెయ్యే నాకిచ్చేది. బొటనవేలితో నా అరచేతిలో రెండుసార్లు నొక్కేది, ఉన్నావా అని. ఉన్నానని నేను ఒకసారి నొక్కాలి.

2010లో దానికి క్యాన్సర్ ముదిరింది. “అక్కా, ఒక్కసారి వచ్చి చెయ్యి పట్టుకోవే” అని ఫోన్‌లో అడిగింది.

“వీసా స్టాంపింగ్ ప్రాబ్లెమ్ సుధా, వస్తే ఇండియాలోనే ఇరుక్కుపోతా” అన్నాను.

వీసా బాగానే ఉంది. దాన్ని ఆ స్థితిలో చూడ్డం నాకిష్టం లేదు, అంతే. ఎనిమిది రోజులకి పోయింది. చివరిదాకా ఎడమ చెయ్యి దుప్పటి బయటే చాపి పెట్టుకుందని అమ్మ చెప్పింది.

డాన్స్‌లో ఐదుగురిని దాటాక ఆ చెయ్యి వచ్చింది. చివరి రెండు వేళ్ళు ఉండాల్సిన చోట మొండి గట్టిగా తగిలింది. చెయ్యి వెచ్చగా ఉంది. బొటనవేలు నా అరచేతిలో రెండుసార్లు నొక్కింది.

నేను మొహం చూడలేదు. భయమేసింది. చెయ్యి విదిలించుకున్నాను. మరుక్షణం ఇంకో చెయ్యి అందింది, ఐదు వేళ్ళతో.

పాట ఆగాక సిగ్గు విడిచి ఆ వరసలో అందరి చేతులూ పట్టుకుని చూశాను. అందరికీ ఐదేసి వేళ్ళున్నాయి.

రవి నవ్వుతూ వచ్చాడు. “మధ్యలో ఒక్కదానివే తిరిగావేంటి? అక్కడ ఎవరూ లేరుగా, గ్యాప్ స్కిప్ చేసేయాల్సింది.”

ఆ వీడియో ఇప్పటికీ ఉంది. ఐదో మనిషికీ ఆరో మనిషికీ మధ్య ఒకరు పట్టేంత ఖాళీ. అక్కడ నేను ఎడమ చెయ్యి చాచి చుట్టు తిరిగాను. తర్వాత బొద్దింక పడ్డట్టు విదిలించాను. అంతా నా భ్రమ అనుకుందామంటే ఒకటి అడ్డొస్తోంది. తిరిగేటప్పుడు నా ఒళ్ళు బాగా వెనక్కి వాలి ఉంది. అవతల ఎవరో లాగి పట్టుకుంటే తప్ప అంత వాలిన మనిషి నిలబడదు. రవిని అలా చేసి చూడమన్నాను. మూడుసార్లూ పడ్డాడు.

ఆ తర్వాత మూడేళ్ళు అదే పండక్కి వెళ్ళాను. వరసలో ఎక్కడ ఖాళీ కనిపించినా ఎడమ చెయ్యి చాచాను. ఎవరూ పట్టుకోలేదు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఉన్నావా అని రెండుసార్లు అడిగింది. నేను ఒక్కసారి నొక్కితే సరిపోయేది.