నాయనమ్మ చెప్పించిన అబద్ధం

నా చిన్నప్పుడు మేము సింగపూర్‌లో, పాసిర్ రిస్‌లో ఉండేవాళ్ళం. కంప్యూటరు తెలిసినవాళ్ళను కళ్ళకద్దుకుని తీసుకెళ్ళే రోజులవి. మా నాన్న కూడా అలాగే ఆ ఊరు చేరాడు. పక్కింటి ఆంటీది ఇండోనేషియాలోని జావా దీవి. పెళ్ళయి సింగపూర్ వచ్చింది గానీ, ఆవిడ తండ్రి జావాలోనే ఒక అగ్నిపర్వతం వాలులో ఆవుల్ని మేపుకుంటూ ఉండేవాడు. పట్నంలో చిన్న కూతురు ఉన్నా ఆయన కొండ దిగేవాడు కాదు.

ఒక ఏడు ఆ కొండ పొగ చిమ్మడం మొదలుపెట్టింది. ఊళ్ళు ఖాళీ చేయమని అక్కడ మైకుల్లో చెప్పారు. ఆంటీ రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి నాన్న కంప్యూటరులో వార్తలు చూసేది. విషయం తెలిస్తే మనిషి కదులుతాడని నాన్న నమ్మకం. ప్రమాదం ఉన్న మేర ఎర్రగా గుర్తుపెట్టిన మ్యాపు ఒకటి వెతికి ప్రింటు తీశాడు. దాన్ని పట్నంలోని ఆంటీ చెల్లెలికి ఫ్యాక్సు చేస్తే, ఆమె కొండెక్కి తండ్రికి చూపించింది. అందులో తన ఇల్లెక్కడుందో అడిగి తెలుసుకుని, ముసలాయన ముచ్చటపడి గోడకు అంటించుకున్నాడట.

మా నాయనమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. దివిసీమ మనిషి. తుఫాను వస్తోందని రేడియో ముందే చెప్పినా, గొడ్లను వదిలి రానన్న తాతయ్యను ఉప్పెన తీసుకుపోయింది. "మ్యాపు చూసి లేచే రకమైతే, రేడియో విని మీ నాన్న ఆనాడే లేచొచ్చేవాడు కదరా," అని నాన్నను కసిరింది. ఆ తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆంటీకి ఒక ఉపాయం చెప్పింది. ఆమె తెలుగును నేను ఇంగ్లీషులోకి మార్చాను. భయపెడితే మొండికేస్తాడు, చెల్లెలికి జ్వరం, మూసిన కన్ను తెరవడం లేదని చెప్పు, పరుగెత్తుకొస్తాడు.

తండ్రి ఊళ్ళోని దుకాణానికి ఆంటీ ఫోన్ చేసి అలాగే చెప్పింది. ముసలాయన ఆవుల్ని పొరుగాయనకు అప్పగించి ఆ పూటే దిగాడు. నాయనమ్మ సంబరంగా పాయసం కాచి ఆంటీ ఇంటికి పంపింది.

తీరా ఆయన వెళ్ళేసరికి చిన్న కూతురు నిక్షేపంలా వంట చేసుకుంటోంది. మండిపడ్డాడు గానీ, ఆమె ఏడుస్తుంటే కాదనలేక కొన్నాళ్ళు ఉన్నాడు. అంతలో కొండ సద్దుమణిగింది. తన ఆవులకూ వీటికీ కలిపి గడ్డి కోయలేకపోతున్నానని పొరుగాయన కబురు పెట్టాడు. ఇంకేముంది, ముసలాయన తిరిగి వెళ్ళిపోయాడు. "ఆవుల్ని వదిలి ఎలా ఉంటాడు, లా," అంది ఆంటీ, సింగపూర్ వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి.

కొండ మళ్ళీ లేచింది. ఈసారి హెచ్చరిక మరీ గట్టిగా వచ్చింది. ఆంటీ మా ఇంట్లోంచే ఫోన్ చేసి, ఆయన్ని దుకాణానికి పిలిపించి, ఏడుస్తూ బతిమాలింది. ఆ భాష ఒక్క ముక్క రాని నాయనమ్మ పక్కనే నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఈసారి ఎవరికి జ్వరం?" అని అడిగి, నవ్వి ఫోన్ పెట్టేశాడట.

మర్నాడు వేడి బూడిద మేఘంలా కమ్ముకుని ఆ వాలు మీదుగా దిగింది. ఆయన దొరకలేదు, ఆవులూ దొరకలేదు. ఆంటీ మా నాయనమ్మను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేదని నాయనమ్మ కుమిలిపోయేది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. తుఫాననీ, కొండ పేలుతుందనీ హెచ్చరికలు నేరుగా చేతిలోని ఫోనుకే వస్తున్నాయి. జనం ఒకసారి చూసి పక్కన పెడుతున్నారు. నాకు వాళ్ళ మీద కోపం రాదు, ఆశా లేదు. నిజం చెబితే మనిషి కదలడు, అబద్ధం చెబితే ఒక్కసారే కదులుతాడు. "మరింకేం చెప్పుంటే దిగేవాడే, అమ్మాయ్?" అని నాయనమ్మ మంచం పట్టాక కూడా నన్ను అడిగేది. తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ వెతికాను. ఆ మాట నాకింకా దొరకలేదు.