అమ్మోరి పొలిమేర దాటి బొంబాయికి

మా అత్త కన్నమ్మ పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి నవ్వారంటే ఆమె మాటేదో గుర్తొచ్చిందన్నమాట.

భిలాయి ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో మా మామ పోలయ్య ఖలాసీగా చేరితే, ఆమె విజయనగరం పక్క పల్లె నుంచి వెనకే వచ్చింది. వస్తూ ఊరి అమ్మవారి గద్దె దగ్గరి మట్టి కొంగున కట్టుకుని తెచ్చింది. కూలీలుండే క్యాంప్ 2లో కుళాయి పక్కన ఆ మట్టి పోసి, పైన ఒక రాయి నిలబెట్టి పసుపు రాసింది. అమ్మవారికి పూజలూ, కుళాయి దగ్గర తగువులకు తీర్పులూ రెండూ ఆమే చూసుకునేది.

ఆమె కూతురు భాగ్యరేఖ నా భార్య. చిన్నప్పుడు పెద్దమ్మవారు పోసి ముఖం నిండా గుంటలు మిగిలాయి. మా పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఆమె ముఖం కనబడదు. తల వంచుకునే ఉంటుంది. 1994లో ప్లాంటు డాక్టరొకాయన, చర్మం పైపొర గీకి నునుపు చేసే ఆపరేషన్ ఉందనీ, ఇక్కడైనా చేయించుకోవచ్చనీ చెప్పాడు. ఆ రోజు భాగ్యరేఖ చాలాసేపు అద్దం ముందు కూర్చుంది. కాని అమ్మ సరేనంటేనే అంది.

అత్త సరేననలేదు. అవి అమ్మోరు అడుగులేసిన గుర్తులట, వాటి మీద కత్తి పెడితే తల్లి ఊరుకోదట. కూతురు బతిమాలింది, అలిగింది, మాట్లాడటం మానేసింది. ఏమీ తోచక ఒకనాడు నేను అడిగాను, "అత్తా, మీ అమ్మోరి పొలిమేర ఎందాకా?"

ఆమె ఆలోచనలో పడింది. ఏటా ఘటం నెత్తిన పెట్టుకుని తిరిగేది ఆమే. క్యాంపులూ సెక్టర్లూ అన్నీ, అటు రుఆబాంధా దాకా తల్లివే. పక్కనున్న దుర్గు ఊళ్లోనూ మనవాళ్లున్నారు కనక అదీ వదలడానికి లేదు.

"శివనాథ్ నది దాటితే ఆ తల్లికేటి పని బాబూ?" అంది చివరికి. "అక్కడ మనోలెవులున్నారు?"

అలా బొంబాయి ఖాయమైంది. ఉన్న ఊళ్లో అయ్యే పనికి అంత దూరమెందుకని ప్లాంటులో నేను పనిచేసే షాపులో అడిగినవాళ్లకి, అక్కడి డాక్టర్లకి ముఖాల మీద చేయి బాగా తిరిగి ఉంటుందని చెప్పాను. అదీ నిజమే. రైలు నది వంతెన ఎక్కగానే అత్త లెంపలేసుకుని, మేం తిరిగొచ్చేదాకా అక్కడే ఉండమని వెనక్కి తిరిగి అమ్మవారికి చెప్పింది.

ఆసుపత్రి వరండాలో ముక్కు సరిచేయించుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్ల ఉంది, కళ్లకింద సంచులు తీయించుకునే సేఠ్ ఉన్నాడు. దేనికొచ్చారో ఎవరూ దాచుకోవడం లేదు. పళ్లు పట్టుకుని పరామర్శకొచ్చే వీధి మాకక్కడ లేదు. భాగ్యరేఖ తల ఎత్తుకుని ఆ ముక్కు పిల్లతో తీరిగ్గా హిందీలో కబుర్లాడింది.

తెల్లారితే ఆపరేషన్ అనగా వార్డు ఆయా మమ్మల్ని తెలుగులో పలకరించింది. వాళ్లది పాలమూరు వైపట. తమ గల్లీలో పోచమ్మ గుడి ఉందని సంబరంగా చెప్పింది. అత్త ముఖం పాలిపోయింది.

"ఇక్కడికీ వొచ్చేసిందేటి?" అని, సామాను సర్దమంది.

భాగ్యరేఖ కొంగు ముఖం మీదికి లాక్కుంది. అత్త కాసేపు కూతుర్నే చూసింది. తర్వాత ఆయాని వెంటబెట్టుకుని గుడికి బయల్దేరింది.

దీపాలు పెట్టే వేళకి కొబ్బరి చిప్పతో తిరిగొచ్చింది.

"అడిగాను. ఆవిడ పెద్దూరి మనిషి. అక్కడ జనాన్ని సూసావంటే బాబూ, మన పిల్ల బుగ్గలు సూడ్డానికి ఆవిడకి తీరికేది? కానిమ్మంది."

"కానిమ్మందని ఎలా తెలిసింది?"

"వొద్దన్లేదు."

కట్లు విప్పేసరికి ముఖం దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. కొన్ని వారాల్లో ఆ ఎరుపు తగ్గుతుందన్నాడు డాక్టరు. కొత్త చర్మం కాబట్టి కొన్నాళ్లు నవ్వకూడదన్నాడు. చెవి దగ్గర రెండు గుంటలు మరీ లోతైనవి కావడంతో పోలేదని, ఇంకోసారి వస్తే వాటినీ చూస్తానన్నాడు. నేను తెలుగులో చెప్పగానే అత్త అడ్డంగా తలూపింది.

"ఉండనీ. ఆ రెండూ లేకపోతే మా అమ్మోరు ఈ పిల్లని ఎలా పోల్చుకుంటాది?"

భాగ్యరేఖ నవ్వు రాకుండా పెదాలు బిగబట్టింది. చేతిలో అద్దం ఊగిపోతోంది. డాక్టరు అత్తని బయట కూర్చోమన్నాడు.