రాజవ్వకు లేవని తెర

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే "ఎక్కడో వైరు లూజై ఉంటుంది" అని నవ్వేవాణ్ణి. సోలాపూర్‌లో ప్రొజెక్టర్లు, మోటారు తెరలు బిగించడం నా పని. పుట్టింది నేతవాళ్ల ఇంట్లోనే గానీ మగ్గం నాకు అబ్బలేదు.

నీలం నగర్‌లో మా సంఘం హాలు ఉంది. దాని గోడకు ఒక నేత బొమ్మ వేలాడుతుంది. మగ్గం ముందు కూర్చున్న మనిషి. మా పేటలో బీడీలు చుట్టే రాజవ్వ భర్త తన రూపాన్ని తానే నేసి హాలుకిచ్చాడు. ఆయన పోయాక వెతికితే ఇంట్లో ఒక్క ఫోటో దొరకలేదు. అందుకే రాజవ్వ చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వస్తూ రోజూ హాల్లో ఆగేది. నేల మీద కూర్చుని ఆ ముఖం చూసి ఇంటికి వెళ్లేది.

సంఘం కమిటీవాళ్లు ప్రొజెక్టర్ తెర పెట్టమంటే సరిగ్గా ఆ బొమ్మ ముందే బిగించాను. పిల్లలు స్విచ్ నొక్కి ఆడుతున్నారని దాని వైర్లు పీకేశాను. ఇక తెర కదలాలంటే సీరియల్ కేబుల్‌తో నా ల్యాప్‌టాప్ కలిపి కమాండ్ పంపాల్సిందే. పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి, ఆ రెండే రాశాను. మధ్యలో ఆపే కమాండ్ రాయలేదు. హాలు కొత్తగా కనిపిస్తుందని కమిటీవాళ్లు తెర దించే ఉంచమన్నారు.

"బిడ్డా, జర లేపరాదు? మా ఆయన మొకం చూసి పోత," అని అడిగింది రాజవ్వ.

"రేపు లేపుత అవ్వా," అన్నాను.

ఆ రేపు రాలేదు. నిమిషం పని. కేబుల్ బ్యాగులోనే ఉండేది, తీయడానికి బద్ధకం. చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది. ఆమె ఆ తెల్లగుడ్డ ముందే కాసేపు కూర్చుని లేచి వెళ్లేది. తర్వాత జ్వరమొచ్చి కన్నుమూసింది.

దినాల భోజనాలు ఆ హాల్లోనే పెట్టారు. మధ్యాహ్నం నేను లోపల అడుగుపెట్టగానే మోటారు చప్పుడైంది. తెర మెల్లగా లేచింది. నేల మీద కూర్చున్న మనిషికి బొమ్మలో ముఖం కనిపించేంత వరకు లేచి, ఆగిపోయింది. కేబుల్ నా భుజాన బ్యాగులోనే ఉంది. పక్క వీధి పవర్‌లూముల వల్ల కరెంటు ఎగిసిందేమో అనుకున్నా, మరి మధ్యలో ఎలా ఆగింది? తర్వాత తెర మోటారు పెట్టె విప్పి చూశాను. ఒక్క వైరూ లూజు లేదు.

విస్తళ్లు వేస్తున్న రాజవ్వ కోడలు నా వైపు తిరిగింది.

"ఇప్పుడా అన్నా లేపేది? అత్తమ్మ ఉన్నప్పుడు లేపకపోతివి."

ఆమె చేతిలోని విస్తళ్లు కొన్ని అందుకుని నేనూ వేయసాగాను. ఆ తెర ఎవరు లేపారో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరు లేపాల్సిందో తెలుసు.