మాత్ర తెచ్చిన పొక్కులు

మా అమ్మ జీవితంలో చుట్ట ముట్టలేదు. అయినా విశాఖలో పెద్ద డాక్టరు ఆవిడని చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, అడ్డపొగ ఎన్నేళ్ళుగా తాగుతున్నావని. అరకు నుంచి దిగిన ముసలమ్మ అంటే చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకునే మనిషేనని ఆయన లెక్క. అప్పుడే నాకు ఒళ్ళు మండింది. అవసరం మాది కనక నోరు మూసుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. అంతకుముందు అరకులో దగ్గుకి టీబీ మందులు మింగించారు, తగ్గలేదు. చివరికి ఊపిరితిత్తుల క్యాన్సరని తేలింది. అప్పుడే కొత్తగా వచ్చిన మాత్ర ఒకటుందట. కీమోలా ఒళ్ళంతా కాల్చదట, క్యాన్సర్ కణాన్ని పెరగమని తోసే సంకేతాన్నే ఆపుతుందట. అందరికీ పనిచెయ్యదు, చూద్దాం, రోజుకొకటి వెయ్యండి అన్నాడు డాక్టరు. అంతే చెప్పాడు.

పనిచేసింది. దగ్గు తగ్గి అమ్మ మళ్ళీ క్యాబేజీ మడిలోకి దిగింది, సంతకి పోతానని పేచీ పెట్టింది. అంతలో మొహం నిండా, రొమ్ము మీదా ఎర్రటి పొక్కులు లేచాయి. మా పెద్దమ్మ చూసి చెంపలేసుకుంది.

"అమ్మోరు పోసింది. ఇంక మందూ మాకూ ముట్టకూడదు" అంది.

మా వైపు అది తిరుగులేని మాట. అమ్మవారు ఒంటిమీదికి వచ్చాక మందు మింగితే తల్లికి కోపం. గుమ్మానికి వేపమండలు కట్టారు, వంటలో పోపు మానేశారు, మాత్రల డబ్బా పక్కింట్లో పెట్టించారు. అమ్మ వేపాకూ పసుపూ నూరి రాసుకుని పడుకుంది. పొక్కులు మాడాయి. తల్లి చల్లగా చూసిందన్నారందరూ. దగ్గు మాత్రం తిరిగొచ్చింది, ఈసారి నెత్తురుతో.

రైలెక్కించి మళ్ళీ తీసుకెళ్ళాను. అంతా విని డాక్టరు నవ్వాడు. ఆ పొక్కులు మాత్రవల్లేనట, చాలామందికి వస్తాయట, ఒకరకంగా మందు పట్టిందనడానికి గుర్తేనట. మీ మూఢనమ్మకాలు ఎప్పటికి పోతాయమ్మా అన్నాడు.

తెలిసిన సంగతి చెప్పకుండా పంపినవాడు చదువుకున్నవాడు, తెలియనిదానికి తమకు తెలిసిన పేరు పెట్టుకున్నవాళ్ళు మూఢులు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. నేను నోరు తెరిచేలోపు అమ్మే అంది.

"పొక్కులొస్తాయని ఆవేళే సెప్పుంటే నానెందుకు ఆపుతాను బాబూ? బతకడానికే గదా మీకాడికొచ్చినాను."

ఆయన మాత్ర మళ్ళీ మొదలెట్టమని చెప్పి, పొక్కులకి పూతమందు రాసిచ్చి, తర్వాతివాళ్ళని పంపమని గంట కొట్టాడు. అమ్మ లేవబోయింది. నేను భుజం పట్టి కూర్చోబెట్టాను. ఈ మాత్రతో ఇంకా ఏమేం వస్తాయో, వేటికి భయపడాలో మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పేదాకా కదలనన్నాను.

అప్పుడు చెప్పాడు. విరేచనాలు కావచ్చట. కొత్తగా ఆయాసం వస్తే మాత్రం మాత్ర ఆపి అప్పటికప్పుడు పరుగెత్తుకు రావాలట, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పట.

ప్రాణం పోయే మాట కూడా అడిగితేనే చెప్పాడు.