మా బాపు మోకాలి అప్పీలు: వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు

మా బాపు సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. కొండల్లో డ్యూటీ చేస్తూ జారిపడి ఎడమ మోకాలు చెడగొట్టుకున్నాడు. వైకల్య పింఛను దరఖాస్తు మాత్రం నిరుడు తిరిగొచ్చింది. తప్పంతా బాపు నోటిదే. పరీక్షలో డాక్టరు "ఎలా ఉన్నారు?" అనగానే టక్కుమని మడమలు కలిపి "ఫస్ట్ క్లాస్, సార్!" అన్నాడట. ఆఫీసరు ముందు బాగాలేదనడం పటాలంలో నేర్పరు కదా! అప్పీలు చేస్తే మళ్లీ వైద్య పరీక్షకు సికింద్రాబాద్ రమ్మన్నారు. ఈసారి ఆ నోటికి కాపలాగా నేనూ బయల్దేరాను.

ఉదయం ఐదున్నరకు కాశిబుగ్గలో ఆటో ఎక్కాం. స్టేషన్‌కు వంద రూపాయలు. బాపు మీసానికి రంగు, బూట్లకు పాలిష్.

"పెండ్లిచూపులకు పోతానవా బాపూ? జర రోగి లెక్క కనవడు."

"పాలిష్ లేకుంటే లోపలికే రానియ్యరు బిడ్డా."

ఆటో అన్న ఊరుకోలేదు. "దవాఖానల మూలుగాలె పెద్దాయనా. మూలుగకుంటే సూది గూడ ఇయ్యరు."

రైలులో రెండున్నర గంటలు, జనరల్ టికెట్ వంద లోపే. దారంతా బాపుకు రిహార్సల్. జనగామలో "ఎట్లున్నది?" అంటే "ఫస్ట్ క్లాస్!" భువనగిరిలోనూ అదే. ఘట్‌కేసర్ దాటేసరికి "కొంచెం నొప్పి, సార్" దాకా లాక్కొచ్చాను.

పదిన్నరకు మిలిటరీ దవాఖానలో పిలుపొచ్చింది. తోడుగా నన్నూ రానిచ్చారు. డాక్టరుదీ తెలుగే. "ఎలా ఉన్నారు?" అన్నారు.

"ఫస్ట్ క్లాస్, సార్!"

నేను తల పట్టుకున్నాను. డాక్టరు పాత ఫైలు చూసి, నవ్వాపుకుని, గొంతు పెంచారు. "హవల్దార్! మోకాలి పరిస్థితి రిపోర్ట్ చెయ్!"

అది ఆర్డరు. బాపు నిటారుగా నిలబడి మొదలుపెట్టాడు. "ఎడమ మోకాలు వంగది సార్! మెట్లు ఎనుకకు తిరిగి దిగుత సార్! బతుకమ్మ నాడు బిడ్డ ఆడుతాంటే నిలవడ చాతకాక, పనున్నదని చెప్పి ఇంటికొచ్చిన సార్!"

నా ఆట చూడకుండా వెళ్లిపోయాడని ఆ బతుకమ్మకు నేను రెండు రోజులు అలిగాను. ఇప్పుడు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. డాక్టరు పేజీ నిండా రాశారు. రెండు నెలలకు అప్పీలు నెగ్గినట్టు ఉత్తరం వచ్చింది.

ఇన్నేళ్లూ "నొస్తాందా?" అని అడిగానే గానీ, బాపుకు తెలిసిన భాషలో అడగలేదు. మీ ఇంట్లోనూ ఫౌజీ ఉంటే పాత వైద్య కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి, బాగోగులు అడగకండి, రిపోర్ట్ చెయ్యమనండి. పరీక్ష రోజు సాయంత్రం, తిరిగొచ్చి వరంగల్ స్టేషన్ మెట్ల దగ్గర నేనూ అన్నాను: "హవల్దార్! మోకాలు రిపోర్ట్ చెయ్!"

బాపు నన్ను ఎగాదిగా చూశాడు. "నీ ర్యాంకేంది?" అన్నాడు. అని, మొదటిసారి నా భుజం పట్టుకుని మెట్లు దిగాడు.